ఉరుము మేడమ్ తిట్టని పిల్ల

తన గురించి నాలుగు మాటలు చెప్పడానికి కాలేజీలో అంతమంది ఉండగా, ఆవిడ పోయి పోయి ఆ పిల్లనే ఎందుకు ఎంచుకుంది? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అంతా తెలిసే ఎంచుకుందని ఒకరోజు అనిపిస్తుంది. ఏమీ తెలియకుండానే ఎంచుకుందని ఇంకోరోజు అనిపిస్తుంది. జవాబు దొరకలేదు. అయినా ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా మనసు నిండుగానే ఉంటుంది కనక, జవాబు లేకుండానే రాస్తున్నాను.

ఆవిడ మా కాలేజీలో పరుగు నేర్పే కోచ్. నేను అక్కడే లైబ్రేరియన్‌ని. ఆవిడ ఉద్యోగం అరవడం, నా ఉద్యోగం ఎవరూ అరవకుండా చూడటం. అలాంటి ఇద్దరికి స్నేహం కుదిరిందంటే అది వాన పుణ్యమే.

మాది చిన్న కాలేజీ. రెండు భవనాలు, వాటి వెనక ఒక మైదానం, దాని చుట్టూ మట్టి ట్రాక్. ఒక మలుపు దగ్గర కాస్త పల్లంగా ఉండి, చినుకు పడితే చాలు అక్కడ మడుగు కట్టేది. ఆటల గది అంటే మెట్ల కింద మిగిలిపోయిన జాగా. తల వంచితేగాని లోపలికి వెళ్ళలేం. రబ్బరు వాసన, సున్నం డబ్బా, తుప్పు పట్టిన హర్డిల్స్, గాలి పోయిన బంతులు, వాటి మధ్య ఒక స్టూలు. ఆ స్టూలే ఆవిడ ఆఫీసు. ఆవిడ బాగా పొడగరి. ఆ గదిలో ఏనాడూ నిటారుగా నిలబడింది లేదు. "బయట అందరినీ నిటారుగా నిలబడమని ఎందుకు చంపుతానో తెలుసా? లోపల నాకు ఆ యోగం లేదు కనక," అనేది.

పిల్లలు ఆవిడకి ఉరుము మేడమ్ అని పేరు పెట్టారు. ఎదురుగా అనేవాళ్ళు కాదు గాని ఆ పేరు ఆవిడకి తెలుసు. ఒకసారి ప్రిన్సిపాల్ గది నుంచి ఎవరికో ఫోన్ చేస్తూ, అవతలివాళ్ళు గుర్తుపట్టకపోతే, "నేనేనయ్యా, ఉరుముని," అంది. ఆవిడ గొంతుకి ఈల అక్కర్లేదు. మైదానం ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర పిల్ల ఆగేది, పక్క భవనంలో ఉన్న మా లైబ్రరీలో ఇద్దరు ముగ్గురు పుస్తకం మీంచి తలెత్తేవారు.

ఆ గొంతు ఎక్కడ నుంచి వచ్చిందో ఆవిడ అక్క నాకు చెప్పింది. వాళ్ళ నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఇంజిన్ల మధ్య బతికి బతికి ఆయన చెవులు సగం పోయాయి. ఆ ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా అరిచి అడగాల్సిందే. "మా ఇంట్లో రహస్యాలు ఉండేవి కావు. ఉంటే వీధిలో అందరికీ తెలిసిపోయేవి," అని అక్క నవ్వింది. అక్క దర్జీ పని చేసేది. భర్త పోయాక చెల్లెలి దగ్గరికే వచ్చేసింది. రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కుట్టు మిషను, గోడకి వేలాడే సగం కుట్టిన బట్టలు. చెల్లెలు పరిగెత్తే రోజుల్లో నిక్కర్లు, చొక్కాలు అన్నీ అక్క చేతి మీదుగానే తయారయ్యేవి. ఆ పరుగు ఎక్కువ కాలం సాగలేదు. యూనివర్సిటీ పోటీల్లో పేరు రాబోతున్న సమయంలో మోకాలు ఎదురు తిరిగింది. ఇంట్లో కొన్నాళ్ళు మూలన కూర్చుందట. తర్వాత మా కాలేజీలో డ్రిల్లు చేయించడానికి మనిషి కావాలంటే వచ్చి చేరింది. తాత్కాలికం అన్నారు. ఆ తాత్కాలికంలోనే ఆవిడ జుట్టు నెరిసింది.

ఆవిడ తిట్లకి ఒక లెక్క ఉండేది. కొత్తగా చేరిన పిల్లలకి పాత పిల్లలు ముందుగా చెప్పేది అదే. ఎవరి మీద ఆశ ఉంటే వాళ్ళని తిట్టేది. ఆశ ఎంత ఉంటే తిట్లు అంత. "కాళ్ళా అవి, కుర్చీ కాళ్ళా?" అందంటే ఆ పిల్ల పొంగిపోయేది. వదిలేసినవాళ్ళతో మాత్రం తియ్యగా మాట్లాడేది. హాజరు కోసం మాత్రమే వచ్చే ఒక కుర్రాణ్ణి, "ఎండగా ఉంది నాన్నా, ఆ నీడలో కూర్చో," అని ప్రేమగా అంటే, చుట్టూ ఉన్నవాళ్ళంతా వాణ్ణి జాలిగా చూశారు. అక్క మాటల్లో చెప్పాలంటే, చెల్లెలు తిట్టని పూట ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం.

నన్ను కూడా వదల్లేదు. నేను పుస్తకం మీదకి వంగి కూర్చునేవాణ్ణి. కిటికీ బయట నుంచి వెళ్తూ, "లైబ్రరీ గారూ, ఆ వెన్నెముక మీ సొంతమేనా, అద్దెకి తెచ్చుకున్నారా?" అనేది. నా పేరుతో ఏనాడూ పిలవలేదు. నేను ఉలిక్కిపడి నిటారుగా కూర్చునేవాణ్ణి. ఈ వయసులో డాక్టరు నా నడుము చూసి మెచ్చుకుంటే, ఆ మెప్పు ఎవరికి చెందాలో నాకు తెలుసు.

ఇక వాన సంగతి. ఆ ఏడాది వానలు మొదలయ్యాక తెరిపి ఇవ్వలేదు. ట్రాక్ బురద గుంట అయిపోయింది. అంతర కళాశాలల పోటీలు దగ్గర పడుతున్నాయి. ఆవిడ దగ్గర నలుగురు ఆడపిల్లల రిలే జట్టు తయారవుతోంది. ఒకరు పరిగెత్తి రెండోవాళ్ళ చేతికి కర్ర అందించాలి, వాళ్ళు మూడోవాళ్ళకి, వాళ్ళు నాలుగోవాళ్ళకి. అందుకునేవాళ్ళు వెనక్కి చూడకూడదు. చూస్తే వేగం పోతుంది. ముందుకి చూస్తూనే చెయ్యి వెనక్కి చాపాలి, వచ్చేవాళ్ళు ఆ చేతిలో కర్ర పెట్టాలి. మామూలుగా అయితే కర్ర తెచ్చేవాళ్ళు దగ్గరికి రాగానే "పట్టు" అని ఒక కేక వేస్తారు. ఆ కేక విని చెయ్యి చాపుతారు. ప్రపంచంలో ఎక్కడైనా పద్ధతి అదే.

ఒకరోజు ఆవిడ గొడుగు ముడుస్తూ లైబ్రరీలోకి వచ్చింది. మా చదువుకునే హాలు పక్కన పొడవాటి వసారా ఉండేది, పైకప్పుతో, నున్నటి రాతి నేలతో. దాన్ని సాయంత్రాలు ఇవ్వమని అడిగింది. పరీక్షలు దగ్గరున్నాయి, లోపల పిల్లలు చదువుకుంటున్నారు, చప్పుడు కాకూడదు అన్నాను. కాదు అని మాటిచ్చింది. ఆవిడ నోటి నుంచి ఆ మాట విని నాకు నవ్వాగలేదు. ఆవిడకీ ఆగలేదు.

కానీ మాట నిలబెట్టుకుంది. పిల్లలు చెప్పులు విప్పేసి ఆ వసారాలో పరిగెత్తారు. కేక వెయ్యడానికి వీల్లేదు కనక కొత్త పద్ధతి కనిపెట్టుకున్నారు. నేల మీద సుద్దముక్కతో ఒక గీత. వచ్చేవాళ్ళ పాదం ఆ గీత మీద పడిన చప్పుడు విని ముందున్న పిల్ల బయల్దేరుతుంది, కొన్ని అడుగులు వేసి, ఏ కేకా లేకుండా, వెనక్కి చూడకుండా చెయ్యి వెనక్కి పెడుతుంది. కర్ర వచ్చి ఆ చేతిలో పడుతుంది. మొదట్లో పడేది కాదు. కర్ర నేల మీద పడి దొర్లితే లోపల అందరూ తలెత్తేవారు. అందుకని అక్క ఆ కర్రకి పాత గుడ్డ చుట్టి కుట్టేసింది. ఉరుము మేడమ్ గుసగుసగా తిట్టేది. ఆ గుసగుస తిట్లు అరిచి తిట్టే తిట్లకంటే భయంకరంగా ఉంటాయని పిల్లలు నాతో మొర పెట్టుకున్నారు. పరీక్షలకి చదివే ఒక అమ్మాయి మాత్రం ఆ అడుగుల చప్పుడు లేకపోతే చదువు ఎక్కడం లేదంది. వానలు తగ్గేసరికి నలుగురికీ కేకతో పని లేకుండా పోయింది. ట్రాక్ మీదకి వెళ్ళాక కూడా నోరు మూసుకునే కర్ర మార్చుకునేవారు. మిగతా కాలేజీల జట్లు వచ్చి వింతగా చూసేవి.

ఆ నలుగురిలో మూడోదే ఈ కథలో పిల్ల. మొదటి ఏడాది విద్యార్థిని. వాళ్ళమ్మ ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసేది. ఇంట్లో నలుగురు ఆడపిల్లల్లో కడగొట్టుది, అక్కలు వాడి వదిలేసిన చొక్కా, అక్కలు వాడి వదిలేసిన సంచి. మాట కూడా అందరూ మాట్లాడాక మిగిలితే మాట్లాడేది. మలుపు మీద మాత్రం అలా ఉండేది కాదు. మూడోవాళ్ళు పరిగెత్తేది మలుపే. ఒంటిని లోపలికి వాల్చి, గాలిలో గీత గీసినట్టు వెళ్ళేది. ఉరుము మేడమ్ తిట్లలో ముప్పాతిక వాటా ఆ పిల్లదే. ఆ ఎడం మోచెయ్యి రెక్కలా బయటికి పోతోందని రోజూ ఒకటే గోల. పిల్ల తల వంచుకుని వినేది. చెవుల చివర్లు ఎర్రబడేవి, సంతోషంతో.

ఫైనల్ చూడటానికి నేను వెళ్ళలేదు. జరిగింది తర్వాత అందరూ చెప్పగా విన్నాను. మొదటి పిల్ల బాగా వెళ్ళింది, రెండోది ఇంకా బాగా వెళ్ళింది. అయినా మూడో పిల్ల మలుపు మొదలుపెట్టేసరికి ఇంకా ముగ్గురు ముందున్నారట, మలుపు ముగిసేసరికి ఎవరూ లేరు. ఎదురుగా నాలుగో పిల్ల ఒక్కతే. ఆ పిల్ల బయల్దేరింది, లెక్క ప్రకారం చెయ్యి వెనక్కి పెట్టింది. సరిగ్గా అప్పుడు మూడో పిల్ల "అక్కా, పట్టు" అని అరిచింది.

వేరే ఏ జట్టయినా ఆ అరుపుకి కర్ర అందుకుని వెళ్ళిపోయేది. మా పిల్లలకి అరుపు అలవాటు లేదు. అరిచిందంటే ఏదో జరిగిందనుకుని నాలుగో పిల్ల తల వెనక్కి తిప్పింది. తలతో పాటు చెయ్యి కదిలింది. కర్ర కింద పడి పక్క వరసలోకి దొర్లిపోయింది. తీసుకుని పరిగెత్తింది గాని అప్పటికే అందరూ వెళ్ళిపోయారు. మా వాళ్ళది చివరి స్థానం.

పోటీ అయ్యాక ఉరుము మేడమ్ నాలుగో పిల్లని ఏకిపారేసింది, తల ఎందుకు తిప్పావని. ఒకటోదాన్ని, రెండోదాన్ని కూడా ఏదో ఒక వంక పెట్టి దులిపేసింది. మూడో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే అమ్మా. కూర్చో. నీళ్ళు తాగు," అంది.

అంతే. ఆ మరునాటి నుంచి ఆ పిల్ల గ్రౌండ్‌కి రాలేదు.

నా దగ్గరికి వచ్చేది. సాయంత్రం పరుగు మొదలయ్యే సమయానికి లైబ్రరీలో కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. ముందు ఏదో ఒక పుస్తకం తెరిచి ఉండేది, పేజీ తిరిగేది కాదు. జట్టు పిల్లలు పిలిచి చూశారు. నాలుగో పిల్ల వచ్చి, తప్పు తనదే అని, తల తిప్పకుండా ఉండాల్సిందని బతిమాలింది. కదల్లేదు. అలా చాలా రోజులు గడిచాక, ఒక సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక, నేను అడగకుండానే చెప్పింది.

"అందర్నీ తిట్టారండి. నన్ను నీళ్ళు తాగమన్నారు."

నాకు వెంటనే అర్థమైంది. ఓడినందుకు కాదు ఆ పిల్ల దిగులు. కేక వేసినందుకూ కాదు. తనని వదిలేశారనుకుంటోంది. నువ్వు పొరబడ్డావేమో అన్నాను. మేడమ్ తియ్యగా మాట్లాడితే దానర్థం ఏమిటో కాలేజీలో గోడలకి కూడా తెలుసు అంది. పోయి అడగమన్నాను. అడిగితే ఇంకా తియ్యగా చెప్తారేమో, అది వినలేను అంది. ఈ మాటలు మేడమ్ చెవిన వెయ్యొద్దని ఒట్టు వేయించుకుంది. నేను ఆ ఒట్టు తప్పలేదు. ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ఆ కాళ్ళు పరుగు మరిచిపోతాయి, ఇక ఈ పిల్ల జన్మలో ట్రాక్ ఎక్కదు అని మాత్రం నాకు బెంగగా ఉండేది.

తర్వాత ఒకరోజు ఉరుము మేడమ్ వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఆ పిల్ల ఇక్కడికి వస్తోందట కదా, ఏం చదువుతోంది అని అడిగింది. చదవడం లేదు, తెరిచిన పేజీ తెరిచినట్టే ఉంటోంది అన్నాను. కాలికి దెబ్బేమైనా తగిలిందా అంది. లేదన్నాను. ఇంకేమైనా అడుగుతుందని చూశాను. కిటికీలోంచి గ్రౌండ్ వైపు కాసేపు చూసి, "వెన్నెముక," అని నన్ను హెచ్చరించి వెళ్ళిపోయింది.

మా కాలేజీలో ఏటా చివర్లో ఒక సభ జరిగేది. ఆ ఏడాది బాగా రాణించిన క్రీడాకారులనీ, ఒక కోచ్‌నీ సన్మానించేవారు. ఒక పతకం, ఒక చెక్క షీల్డు, తర్వాత టీ బిస్కెట్లు. ఈ సభకి ఒక వింత నియమం ఉండేది. సన్మానం అందుకున్నవాళ్ళు మాట్లాడకూడదు. వాళ్ళు ఎంచుకున్న మనిషి వచ్చి వాళ్ళ గురించి మాట్లాడాలి. ఎప్పుడో ఒక ఇనుప గుండు విసిరే వీరుడు మైకు పట్టుకుని వదలకపోతే, అతిథులు టీ తాగకుండానే వెళ్ళిపోయారట. ఆ దెబ్బకి పెట్టిన నియమం అది. తర్వాత తర్వాత అదే అందరికీ నచ్చింది. తన గురించి ఎవరు మాట్లాడాలో ఎంచుకోవడంలోనే మనిషి బయటపడతాడని మా పాత ప్రిన్సిపాల్ అనేవారు.

ఆ ఏడాది క్రీడాకారుడి సన్మానం లాంగ్‌జంప్ చేసే ఒక అబ్బాయికి. కోచ్ సన్మానం ఉరుము మేడమ్‌కి. ఇన్నేళ్ళలో ఆవిడ వంతు ఎప్పుడూ రాలేదు. ఆ నెలాఖరుకి ఆవిడ పదవీ విరమణ చేస్తోంది కనక ఎవరికో గుర్తొచ్చింది. ఆవిడకి చెప్పడానికి ప్రిన్సిపాల్ నన్ను కూడా వెంట తీసుకెళ్ళారు. మెట్ల కింద గది ముందు ఆయన వంగి నిలబడి చెబితే, లోపల నుంచి ఆవిడ, "ఓడిపోయిన ఏడాది సన్మానమేమిటి సార్? ఇది సన్మానమా, పరామర్శా?" అంది. ఆయన నచ్చజెప్పారు. చివరికి ఒప్పుకుంది. మీ గురించి ఎవరు మాట్లాడతారు అని అడిగారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళలో పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళున్నారు. రమ్మంటే ఎక్కడున్నా వాలిపోతారు. ఆవిడ ఆ మూడో పిల్ల పేరు చెప్పింది.

ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. ఆ అమ్మాయి అసలు నోరు విప్పదు కదా మేడమ్ అన్నారు.

"దానికి గొంతుంది సార్. మైకు ఖర్చు కూడా ఉండదు," అని ఆవిడ హర్డిల్ బోల్టు బిగించుకోవడంలో పడిపోయింది.

ఆ జవాబుని అప్పటి నుంచి నేను అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాను.

కబురు తెలియగానే పిల్ల నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "నన్నెందుకండీ? ఎగతాళికా?" అంది. ఆవిడ ఎగతాళి చేస్తే ముందే తెలిసిపోతుంది, పక్క వీధికి కూడా వినిపిస్తుంది కదా అన్నాను. నవ్వలేదు. వస్తావా అంటే సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

సభ రోజు మధ్యాహ్నం హాల్లో కుర్చీలు చాలక మా లైబ్రరీ కుర్చీలు కూడా మోయించారు. ఉరుము మేడమ్ అక్క ముందు వరసలో కూర్చుంది. చెల్లెలికి కొత్త జాకెట్ కుట్టి వేయించింది. దాని చేతులు కాస్త పొట్టి అయ్యాయని చెల్లెలు వేదిక మీద నుంచే చెయ్యి చాపి సైగ చేస్తోంది, నోరు మూసుకుని కూర్చోమని అక్క కింద నుంచి సైగ చేస్తోంది. లాంగ్‌జంప్ అబ్బాయి గురించి వాడి గది స్నేహితుడు మాట్లాడి, వీడు నిద్రలో కూడా దూకుతాడు, ఒకసారి నా మీద దిగాడు అని అందరినీ నవ్వించాడు. తర్వాత ఉరుము మేడమ్‌కి పతకం వేశారు. మూడో పిల్లని పిలిచారు.

ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచారు. జట్టు పిల్లలు ముగ్గురూ తలుపు వైపు చూస్తున్నారు. ప్రిన్సిపాల్ మైకు సర్దుకుని ఇంకేదో అనబోతుంటే వెనక తలుపు తెరుచుకుంది. వాళ్ళమ్మ చేతి ఇస్త్రీ మడత చెదరని బట్టల్లో ఆ పిల్ల నడిచి వచ్చింది. మైకుని ఒకసారి పైకి, ఒకసారి కిందికి జరిపింది. చివరికి అంది:

"నాకు మాట్లాడటం రాదు. నేను నోరు తెరిస్తే ఏమవుతుందో మీ అందరికీ తెలుసు."

నాలుగో పిల్ల పకాలున నవ్వింది. దాంతో హాలంతా నవ్వింది. ఆ నవ్వు పిల్లకి కాస్త ఊపిరి ఇచ్చింది. వసారాలో వాన రోజులు చెప్పింది, గుసగుస తిట్లు చెప్పింది, గుడ్డ చుట్టిన కర్ర చెప్పింది. తర్వాత ఆ ఫైనల్ దగ్గరికి వచ్చింది. తను భయపడి అరిచానని అందరూ అనుకుంటున్నారని, అది నిజం కాదని చెప్పింది. మలుపు తిరిగేసరికి ముందు ఎవరూ లేరట. అంత ఖాళీగా ఉన్న ట్రాక్ తను పుట్టాక ఎప్పుడూ చూడలేదట. పట్టలేని సంతోషం వచ్చి అరిచానంది.

తర్వాత వేదిక మీదున్న ఆవిడ వైపు తిరగకుండా, మైకునే చూస్తూ అంది: "ఆ రోజు మేడమ్ అందరినీ తిట్టారు. నన్ను తిట్టలేదు. నీళ్ళు తాగమన్నారు. అంటే ఏమిటో ఇక్కడ పరిగెత్తేవాళ్ళందరికీ తెలుసు. మేడమ్ గొప్ప కోచ్. నన్ను వదిలేసినా గొప్ప కోచే. అది చెప్పాలనే వచ్చాను."

అప్పుడు ఉరుము మేడమ్ లేచింది. మైకు దాకా వెళ్ళలేదు, కుర్చీ దగ్గరే నిలబడి మాట్లాడింది. అవసరం లేదు కూడా.

"ఎవరే నిన్ను వదిలేసింది? ముందు ఆ నిలబడటం ఏమిటి, బరువంతా ఒంటి కాలి మీద వేసి? రేపు ఆ కాలు పట్టేస్తే మలుపు ఎవరు పరిగెడతారు, ప్రిన్సిపాల్ గారా? ఇన్నాళ్ళు గ్రౌండ్ మొహం చూడకుండా లైబ్రరీలో కూర్చున్నావు. కూర్చుంటే కూర్చున్నావు, ఒక్క పేజీ అయినా తిప్పావా? అటు చదువూ లేదు, ఇటు పరుగూ లేదు."

ప్రిన్సిపాల్ మెల్లిగా, సన్మానం అందుకున్నవాళ్ళు మాట్లాడకూడదని నియమం మేడమ్ అన్నారు.

"సన్మానం అయిపోయింది సార్. ఇప్పుడు నేను డ్యూటీలో ఉన్నాను," అని ఆయన్ని కూర్చోబెట్టి, మళ్ళీ పిల్ల వైపు తిరిగింది. ఈసారి గొంతు కాస్త తగ్గింది. అది తగ్గడం నేను అంతకు ముందు వసారాలో మాత్రమే విన్నాను.

"నిన్నెలా తిడతానే? నువ్వు అరిచినప్పుడు నేనూ అరిచాను. గట్టు మీద నిలబడి, చిన్నపిల్లలా. మీకు నోరు మూసుకోవడం నేర్పిందాన్ని నేనే, అరిచిందాన్నీ నేనే. నా అరుపులో నీ అరుపు నాకు వినబడనే లేదు. అది ఎవరి అరుపుకి తల తిప్పిందో ఎవడికి తెలుసు?"

అందరూ నాలుగో పిల్ల వైపు చూశారు. ఆ పిల్ల లేచి నిలబడి, "నాకూ తెలియదు మేడమ్. అరుపు మాత్రం పెద్దదే," అంది.

అక్క రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కదిలి కదిలి నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఉరుము మేడమ్ మళ్ళీ మూడో పిల్ల వైపు తిరిగింది. "మిగతా ముగ్గుర్నీ తిట్టడానికి గొంతు వచ్చింది. నీ దగ్గరికి వచ్చేసరికి సిగ్గేసింది. అందుకని నీళ్ళు తాగమన్నాను. నాకే దాహం వేసింది అప్పుడు," అంది ఉరుము మేడమ్. "ఇక ఆ ఎడం మోచెయ్యి. అరిచే ముందు అది బయటికి పోయింది, చూశాను. దానికి మాత్రం తిడతాను. ఇక్కడ కాదు. రేపు పొద్దున గ్రౌండ్‌లో."

"వస్తాను మేడమ్," అంది పిల్ల. మైకు పక్కకి జరిగిపోయినా ఆ మాట చివరి వరస దాకా వినిపించింది. నిజమే, దానికి గొంతుంది.

ఆ తర్వాత టీ తాగుతూ ఆవిడని పక్కకి పిలిచి అడిగాను. పిల్ల మనసులో ఏముందో మీకు ముందే తెలుసా? ఆవిడ బిస్కెట్ టీలో ముంచి, అది విరిగి కప్పులో పడిపోతే దాన్ని తిట్టి, "మీరు లైబ్రరీ గారూ, చదివింది చాలక మనుషుల్ని కూడా చదవాలంటారు," అంది. అంతకంటే చెప్పలేదు.

మర్నాడు పొద్దున లైబ్రరీ తెరుస్తుంటేనే గ్రౌండ్ నుంచి ఆ మోచేతి తిట్లు వినిపించాయి. చేతిలో తాళంచెవితో అలాగే నిలబడిపోయాను. ఆ నెలలో మిగిలిన ప్రతి పొద్దున అవి వినిపించాయి. ఒక మనిషి ఇంకో మనిషిని అంత శ్రద్ధగా చూస్తుందని, ఒక మోచెయ్యి ఎంత దూరం బయటికి పోతోందో అంత పట్టింపుగా పట్టించుకుంటుందని, అది నా కిటికీ పక్కనే జరుగుతోందని నాకు అప్పటిదాకా పూర్తిగా తెలియలేదు. నేను చదివిన పుస్తకాల్లో మంచితనం చాలాచోట్ల మృదువుగా మాట్లాడింది. బొంగురు గొంతుతో కూడా మాట్లాడుతుందని ఆవిడ వల్లే తెలిసింది. ఆ మాట ఆవిడకి చెప్పాలనుకున్నాను.

నెలాఖరు రోజు సాయంత్రం స్టాఫ్ రూములో వీడ్కోలు టీ ఏర్పాటు చేశారు. ఆవిడకి ఇవ్వడానికి అందరం కలిసి ఒక గోడ గడియారం కొన్నాం. నేను చెప్పాలనుకున్న నాలుగు మాటలు మనసులో వరసగా పెట్టుకుని, సమయం అయ్యేదాకా లైబ్రరీ కిటికీ దగ్గర నిలబడ్డాను. గ్రౌండ్‌లో నలుగురు పిల్లలూ ఉన్నారు. ఆవిడ గట్టు మీద నిలబడి వాళ్ళని ఎప్పటిలాగే దులిపేస్తోంది. మూడో పిల్ల ఏదో ఎదురు చెప్పింది, అందుకు ఇంకో నాలుగు పడ్డాయి. ఇంకో రౌండ్ వెయ్యండి, ఆగారో చూడండి అని తరిమింది. నలుగురూ బయల్దేరారు.

వాళ్ళు దూరపు మలుపు ఎక్కి, వీపులు ఇటు తిరిగేదాకా ఆవిడ చూసింది. అప్పుడు వంగి సంచి తీసుకుంది. గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. ఆవిడ స్టాఫ్ రూము వైపు గాని, నా కిటికీ వైపు గాని చూడలేదు. మోకాలు కాస్త ఈడుస్తూ, జాకెట్ పొట్టి చేతులు కిందికి లాక్కుంటూ, అక్కతో ఏదో వాదించుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది.